పడే ముందు గాలి

కార్టూన్లకు సంగీతం చేసేవాణ్ని సంగీత దర్శకుడని ఎవరూ పిలవరు. పిల్లలు బొమ్మను చూస్తారు, పెద్దలు ఫోన్లు చూసుకుంటారు. ఎలుగుబంటి కాలు లేపితే ఒక స్వరం, దించితే ఒక స్వరం, ముక్కు గీరుకుంటే ఇంకో స్వరం అంటూ తెర వెనక ఒక మనిషి కళ్లు కాయలు కాసేలా కూర్చుని పొదుగుతున్నాడని ఎవరికీ పట్టదు. జామి వరహాలుకి ఆ బెంగ లేదు. విశాఖపట్నంలో ఒక మేడ మీది స్టూడియోలో, ఉద్దండం అనే ఎలుగుబంటిని అంటిపెట్టుకుని హాయిగా బతికాడు. ఉద్దండం రెండు కాళ్ల మీద నడిచే భారీ శాల్తీ. తెలివి తక్కువ, ధైర్యం ఎక్కువ. ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోటి నుంచి పడతాడు. అందుకే పిల్లలకు వాడంటే ప్రాణం.

ఆ పడటంలోనే వరహాలు పనితనమంతా ఉంది. ఉద్దండం కొండ అంచు దాటి గాలిలో నాలుగడుగులు వేస్తాడు. కింద నేల లేదని వాడికి తెలియదు. సరిగ్గా అక్కడ వరహాలు వాయిద్యాలన్నీ టక్కున ఆపేస్తాడు. అప్పుడు ఉద్దండం కిందికి చూస్తాడు, చూశాక పడతాడు. ఆ ఆపిన ముక్కకి వాళ్ల స్టూడియోలో 'గాలి' అని పేరు. "ఇక్కడ ఇంకొంచెం గాలి పెట్టండి మాస్టారూ" అనేవాడు దర్శకుడు. గాలి ఎక్కువైతే పిల్లలు పక్క చూపులు చూస్తారు, తక్కువైతే నవ్వు రాదు. వరహాలు పెట్టిన గాలికి తిరుగులేదని ఆ వృత్తిలో ఉన్నవాళ్లంతా ఒప్పుకునేవారు.

అలాంటివాడి ఇంట్లో నడక రాని పిల్ల పుట్టింది. ఊర్మిళకు నాలుగేళ్లు నిండాయి. కాళ్లలో బలముంది, లోపమంతా చిన్నమెదడులో. లేపి నిలబెడితే ఏ కాలు ఎప్పుడు వెయ్యాలో ఒంటికి తెలియక కుప్పకూలేది. తల్లి కనకం ఆసుపత్రిలో నర్సు. ఆమెకు డ్యూటీ పడిన రోజుల్లో వరహాలే పిల్లను చంకనెత్తుకుని స్టూడియోకి తీసుకెళ్లి, చాప మీద కూర్చోబెట్టి పని చేసుకునేవాడు. ఒకరోజు సాయంత్రం పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన కనకం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమండీ, ఇది ఎలగ ఊగుతుందో చూశారా?" అంది.

తెర మీద ఉద్దండం నడుస్తున్నాడు. చాప మీద ఊర్మి నడుము, భుజాలు, మెడ వాడితోపాటు కదులుతున్నాయి. ఊరికే ఊగడం కాదు, అడుగుకి అడుగు సరిపోతోంది. వరహాలు పాట ఆపి బొమ్మను మాత్రమే నడిపించాడు. పిల్ల కదల్లేదు. బొమ్మ ఆపి పాట వినిపించాడు. చప్పట్లు కొట్టి ఊరుకుంది. రెండూ కలిపి పెట్టేసరికి మళ్లీ మొదలుపెట్టింది.

కనకం ఆ సంగతి ఆసుపత్రిలో కనబడిన డాక్టరుకల్లా చెప్పింది. చెప్పగా చెప్పగా అది రుషికొండ వైపు గుట్ట మీద ప్రయోగశాల నడుపుతున్న డాక్టర్ కెజియా చెవిన పడింది. ఆమె తయారుచేసిన వస్తువు పేరు తోడుపట్టీ. చెవి వెనక అంటించే పలచటి పట్టీ అది. కంటికి కనిపించే కదలికా చెవికి వినిపించే శబ్దమూ ఒకే క్షణంలో కలిస్తే, ఆ కలిసినదాన్ని చిన్నమెదడులో అచ్చు వేస్తుంది. నడక రాని పిల్లల ముందు మనుషులను నడిపించి, పక్కన వీణలూ మృదంగాలూ వాయింపించి చూసిందావిడ. పిల్లలు హాయిగా నిద్రపోయారు.

"మా ప్రయోగాల్లో అడుగూ పాటా కలవట్లేదండీ" అంది కెజియా, ఉద్దండం కథ ఒకటి చూడగానే. "వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టీ అచ్చు వెయ్యదు. మీ బొమ్మల్లో ఆ తేడా లేదు. ఇలా ఎలా చేస్తారు వరహాలుగారూ?"

ఆ పనికి ఒక పెద్ద చదువుల మనిషి మెచ్చుకోలు దొరకడం అదే మొదలు. వరహాలు నేల చూపులు చూశాడు. లోపల మాత్రం ఉబ్బిపోయాడు.

ఊర్మి చెవి వెనక పట్టీ అంటించి రోజూ ఉద్దండం కథలు చూపించారు. కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం బొమ్మ నడుస్తుండగా ఊర్మి గోడ పట్టుకుని లేచి, గోడ వదిలేసి, పొట్ట ముందుకు తోసుకుంటూ, చేతులు పక్కలకు ఆడిస్తూ అచ్చం ఎలుగుబంటిలా ఆ గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. కనకం డ్యూటీ బట్టల్లోనే నేల మీద కూలబడి ఏడ్చింది. కెజియా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. వరహాలు అయితే, కూతురు పాదం నేలను తాకిన ప్రతిసారీ తన స్వరం మోగడం విని, లోకంలో ఇంతకు మించిన కచేరీ ఎవడు చేశాడనుకున్నాడు.

కథ అయిపోయి పాట ఆగింది. ఊర్మి పడిపోయింది.

అదేమంత పెద్ద సంగతిగా అప్పుడెవరికీ తోచలేదు. పాట ఆ పిల్లకు చేతికర్ర లాంటిది, కర్ర తీసేస్తే పడుతుంది, కొన్నాళ్లకు కర్రతో పని ఉండదు అనుకున్నారు. పట్టీ పని పూర్తయిందని తీసేశారు. కానీ ఏళ్లు గడిచినా కర్ర వదలలేదు. పైగా రికార్డు చేసిన పాట నున్నటి గచ్చు మీదే పనికొచ్చేది. మెట్లు, గుంతలు, ఇసుక, ఎదురొచ్చే మనుషులు ఉద్దండం కథల్లో ఉన్న చోటే ఉండవు కదా. ఆమె అడుగు ఎక్కడ పడబోతోందో చూస్తూ, దానికి సరిపడా అప్పటికప్పుడు వాయించే మనిషి కావాలి. అలాంటి మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు.

వరహాలు స్టూడియో మానేశాడు. మెడలో ఒక చిన్న కీబోర్డు, దానికో స్పీకరు వేలాడదీసుకుని కూతురి వెనక నడవడం అతని ఉద్యోగమైంది. బడిలో వెనక బెంచీ మీద కూర్చునేవాడు. ఊర్మి బోర్డు దగ్గరికి వెళ్తే వాయించేవాడు, తిరిగొచ్చి కూర్చున్నాక ఒక ముక్తాయింపు కొట్టి ఆపేవాడు. పదిహేను నిమిషాల పని మీద కూడా ఒంటరిగా బజారుకి వెళ్లలేడు. స్నానం చేస్తుంటే తలుపు కొట్టేవారు. జ్వరం వచ్చి పడుకుంటే మంచం దగ్గరికి కీబోర్డు తెచ్చిపెట్టేవారు. కనకానికి వాయించడం రాదు. ఉదయం పూట స్టీలు కంచం మీద గరిటెతో కొడుతూ పిల్లను స్నానాల గదిదాకా తీసుకెళ్లేది, అంతకుమించి ఆమె తాళం నిలిచేది కాదు.

ఒకసారి అనకాపల్లిలో చుట్టాల పెళ్లికి వెళ్లారు. పురోహితుడు చెయ్యి ఊపగానే గట్టిమేళం అందుకుంది. పక్కనే నిలబడి ఉన్న ఊర్మిని ఆ డోలు లాక్కుపోయింది. వరహాలు కీబోర్డు ఎంత గట్టిగా మోగించినా ఆ మోతలో ఎవరికి వినిపిస్తుంది? పిల్ల పీటల చుట్టూ పరుగు తీసింది. తాళి కట్టడం అయిపోయి మేళం ఆగిన మరుక్షణం అక్షింతల పళ్లెం మీద బోర్లా పడింది. పెళ్లివారంతా విరగబడి నవ్వారు. తప్పు వాళ్లది కాదు, చూడటానికి అది నవ్వొచ్చేలాగే ఉంది. ఆ పళ్లెం మీద నుంచి కూతుర్ని ఎత్తుకుంటూ వరహాలు కూడా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా అతనికి సిగ్గేసేది.

పదకొండేళ్లు నిండాక ఊర్మి మాట్లాడటం తగ్గించింది. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి సంచీ విసిరేసింది.

"ఇవాళ హెడ్మాస్టరుగారి భార్య చనిపోయారని అందర్నీ వరసలో నిలబెట్టి పూలు వెయ్యమన్నారు. నేను వెళ్తుంటే వెనకాల నువ్వు బుడుంగు బుడుంగు అని వాయించావు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వేశారు నాన్నా."

"మెల్లగానే వాయించాను కదమ్మా."

"మెల్లగా వాయించినా బుడుంగు బుడుంగే కదా. నేను నడిస్తే అందరికీ నవ్వొస్తుంది. నేను నీ కార్టూన్‌ని."

 వరహాలు ఆ రోజు నుంచి గంభీరమైన రాగాలు సాధన చేశాడు. బరువైన నడకలు అల్లి వినిపించాడు. ఊర్మి కాలు గాలిలోనే ఆగిపోయింది. ఆమె ఒంటికి తెలిసిన భాష ఉద్దండం భాష ఒక్కటే. దుఃఖంలోనైనా, కోపంలోనైనా, ఎండలోనైనా ఆమె ఎలుగుబంటిలాగే నడవాలి, తండ్రి ఆ ఎలుగుబంటి పాటే వాయించాలి. ఇద్దరినీ ఒకే తాడుతో కట్టి ఆ చివరా ఈ చివరా ముడి వేసేశారు. విప్పే కొస ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదు.

అప్పుడు కెజియా ఒక ఉపాయం చెప్పింది. వరహాలు ఇంతవరకు చేసిన సంగీతమంతా బొమ్మలతో సహా ఒక యంత్రానికి నేర్పించింది. యంత్రం గుండీ అంత కెమెరాగా చొక్కా మీద ఉంటుంది, పాట చెవిలో మాత్రమే మోగుతుంది. ఊర్మి అడుగు వెయ్యబోతుంటే చూసి అచ్చం వరహాలులా వాయిస్తుంది.

"ఇది నిలబడితే మిగతా పిల్లలకూ పట్టీ వెయ్యడానికి ప్రభుత్వంవాళ్లు అనుమతిస్తారు" అంది కెజియా. "మీ అమ్మాయి ఫలితం కోసమే ఏడేళ్లుగా ఆపి ఉంచారు. అంతమంది తల్లులు నాకు రోజూ ఫోన్లు చేస్తున్నారండీ. ప్రతి పిల్ల వెనకా ఒక వరహాలుగార్ని పుట్టించలేను కదా నేను."

గుండీ పెట్టుకున్న మొదటి రోజు ఊర్మి ఒక్కతే వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. చూసేవాళ్లకి ఏ పాటా వినిపించదు. కాస్త పొట్ట ముందుకేసుకుని నడిచే మామూలు పిల్లలా ఉంది. ఇంట్లోకి వస్తూనే కనకం చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "అమ్మా, నన్నెవరూ చూడలేదే" అని పొంగిపోయింది. మర్నాటి నుంచి ఒంటరిగా బడికి వెళ్లింది. ఇంట్లో మిగిలిన వరహాలుకి ఏం చెయ్యాలో తోచేది కాదు. కిటికీలోంచి చూస్తే, కూరలమ్మే ఆవిడ నడుస్తుంటే అతని వేళ్లు ఊచల మీద వాయించేవి. పాలవాడు సైకిలు దిగితే ఒక గమకం, కుక్క ఒళ్లు దులుపుకుంటే ఇంకోటి. ఆపుదామన్నా చేతులు ఆగేవి కావు.

ఆ సంబరం వానాకాలం దాకా సాగింది. బడి మెట్లు తడిసి ఉన్న ఒక ఉదయం ఊర్మి పైమెట్టు నుంచి కిందిదాకా పడింది. ముందు పన్ను విరిగింది, మణికట్టు ఎముక చిట్లింది. కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక కెజియా స్వయంగా గుండీ తీసి, అది దాచుకున్న దృశ్యాన్ని, ఊర్మి చెవిలో మోగిన పాటతో సహా బల్ల మీది కంప్యూటరులో పెట్టి వాళ్లకు చూపించింది. మెట్టు తడిగా ఉంది. ఊర్మి కాలు దాని అంచు మీదకి వచ్చింది. ఇంకా జారలేదు. అక్కడ చెవిలోని పాట టక్కున ఆగిపోయింది. ఒక క్షణం తర్వాత దృశ్యం తలకిందులైంది.

"యంత్రం మొరాయించింది" అంది కెజియా.  "క్షమించండి. ఎక్కడో తీగ వదులైనట్టుంది."

వరహాలు ఆ ముక్క మళ్లీ వినిపించమన్నాడు, మళ్లీ విన్నాడు. 

"తీగ వదులవలేదు మేడమ్. అది గాలి. నేను పెట్టే గాలే. పడబోయేవాణ్ని చూస్తే పాట ఆపాలని దానికి నేర్పింది నేను. జారేలా ఉందని కనిపెట్టింది, ఆపింది. ఉద్దండానికైతే నేనూ అక్కడే ఆపేవాణ్ని."

కెజియా అతని వంక అర్థంకానట్టు చూసింది. కనకానికి మాత్రం వెంటనే అర్థమైంది. నర్సుగా పదిమంది ఒళ్లు చూసిన మనిషి.

"అంటే ఇది పడటానికి పాట లేకపోవడం కాదా కారణం?" అంది నెమ్మదిగా. "పాట ఆగితే పడాలని దీని ఒంట్లో రాసేశారా మీరు?"

 ఊర్మి కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తండ్రినే చూస్తోంది.

తర్వాతి వారం ప్రయోగశాల గదిలో పరుపులు పరిచి సంగతి తేల్చుకున్నారు. వరహాలు ఎప్పటిలాగే వాయిస్తూ ఒక్కసారిగా ఆపాడు. ఊర్మి తల వంచి కిందికి చూసింది, పడింది. రెండోసారి అతను వాయిస్తుంటే కెజియా పక్కనే నడుస్తూ, స్పీకరు శబ్దాన్ని వినీవినపడనంతగా తగ్గించుకుంటూ పోయింది. అలా తగ్గించడం కార్టూన్లలో ఉండదు, అక్కడ పాట మొదలవుతుంది, తెగుతుంది, అంతే. స్పీకరులో ఇప్పుడేమీ మోగడం లేదు. ఊర్మి నడుస్తూనే ఉంది. పరుపు చివరికి చేరి వెనక్కి తిరిగింది. ఇంకా రెండడుగులు వేసి, "నాన్నా, వాయిస్తున్నావా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడకపోయేసరికి కిందికి చూసుకుని కుప్పకూలింది.

వరహాలు గోడకు చేరబడ్డాడు. తన పిల్లకు నడక వచ్చి ఏడేళ్లయింది. ఏడేళ్లుగా తను ఆమె వెనక వాయిస్తున్నది ఆమెను నిలబెట్టడానికి కాదు. నవ్వుల కోసం తను తవ్విన గోతిలో ఆమె పడకుండా దాని చుట్టూ తిప్పడానికి. ఆ ఏడేళ్లూ ఎవరివి? పిల్లవి. వాటిని తిరిగి తెచ్చి ఇవ్వలేడు.

"మళ్లీ పట్టీ వేసి దీన్ని చెరపలేమా?" అని అడిగాడు.

"వెయ్యొచ్చు" అంది కెజియా. "నాలుగేళ్లప్పటి మెత్తదనం ఇప్పుడు లేదు. గాలి ఒక్కటే చెరుగుతుందని నేను మాటివ్వలేను. నడక మొత్తం పోవచ్చు. మీరు వెయ్యమన్నా నేను వెయ్యను." పరుపులు మడుస్తూ అంది. "వేరే పిల్లల దరఖాస్తు కూడా నిన్న వెనక్కి తీసుకున్నాను. నాకు అదొక్కటే చేతనైంది."

వరహాలు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. పాత దర్శకుణ్ని బతిమాలి, ఉద్దండం చేత కొత్త కథ గీయించాడు. అందులో ఉద్దండం కొండ అంచు దాటతాడు, పాట ఆగుతుంది, వాడు కిందికి చూస్తాడు, పడకుండా నడుచుకుంటూ అవతలి కొండ ఎక్కుతాడు. ఊర్మి దాన్ని శ్రద్ధగా చూసింది. పాట ఆగిన చోట మాత్రం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మళ్లీ మళ్లీ చూపించాడు. ప్రతిసారీ పట్టుకుంది. కంటికి కొత్త కథ తెలుస్తోంది, ఒంటికి పాతదే గుర్తుంది.

"ఇంక ఒగ్గేయండి" అంది కనకం, మళ్లీ మొదటినుంచి పెట్టబోతున్న భర్త చెయ్యి పట్టుకుని. "అది పడిపోద్దని కాదు, మీరు ఆపలేరు. అది కూర్చున్నా మీ వేళ్లు ఆడుతూనే ఉంటాయి. ఇంట్లో పాట ఆగితే మీకే ఊపిరాడట్లేదు."

వరహాలుకి కోపం వచ్చింది.  అయినా ఆమె అన్నది నిజమని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పటిదాకా మూల కూర్చున్న ఊర్మి అడిగింది.

"నాన్నా, ఉద్దండం పడ్డాక ఎలగ లేస్తాడు?"

"ఎలా లేవడమేంటి?"

"పడతాడు కదా. తర్వాత?"

వరహాలు ఆలోచించాడు. పడతాడు, దుమ్ము లేస్తుంది, తల చుట్టూ చుక్కలు తిరుగుతాయి, ఒక తాళం దెబ్బ. తర్వాత దృశ్యంలో చెట్టెక్కి తేనె తింటుంటాడు. మధ్యలో? కంప్యూటరు ముందుకు జరిగి పాత కథలు ఒకటొకటే తెరిచాడు. కొండమీంచి పడ్డాడు, తర్వాత పడవలో ఉన్నాడు. పడవలోంచి పడ్డాడు, తర్వాత అరటి తోటలో ఉన్నాడు. లేవడంలో నవ్వేముందని ఎవరు గీస్తారు? గీయనిదానికి తనెందుకు వాయిస్తాడు? సాయంత్రమయ్యేదాకా వెతికినా ఉద్దండం నేల మీంచి తనంతట తను లేచిన ఒక్క బొమ్మ కూడా దొరకలేదు.

అప్పుడు ఇంకోటి తట్టింది. పడ్డాక ఊర్మి కూడా ఏనాడూ తనంతట తను లేవలేదు. పడిన ప్రతిసారీ తనో, కనకమో, పక్కనున్నవాళ్లో ఎత్తారు. ఎత్తేదాకా పడినచోటే చూస్తూ పడుకునేది. పిల్ల సోమరిదని టీచరు ఒకసారి విసుక్కుంది కూడా.

"లేవడు" అన్నాడు కూతురితో. "మేమెవరమూ వాణ్ని లేపలేదమ్మా."

 ఆదివారం ఉదయం తండ్రి వాయిస్తుండగా ఊర్మి మంచాల మీది బొంతలూ దుప్పట్లూ లాగి హాలంతా పరిచింది. చేతి కట్టు అంతకు ముందురోజే విప్పారు. తండ్రి మెడలోని కీబోర్డు తీయించి కనకం చేతికిచ్చి, లోపల పెట్టమంది.

"వాయించొద్దు. ఎత్తొద్దు కూడా" అంది.

"దెబ్బ తగులుద్దే తల్లీ."

"తగిలితే తగులుద్ది. నువ్వు అక్కడ కూర్చో."

వరహాలు గోడవారగా కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఊర్మి గోడ పట్టుకుని నిలబడింది. గోడ వదిలి ఒక అడుగు వేసింది. హాలు చిన్నబోయినట్టు నిశ్శబ్దంగా ఉంది. కిందికి చూసింది. పడింది.

ముఖం దుప్పటిలో పెట్టుకుని కదలకుండా పడుకుంది. వరహాలు లేవబోయాడు, కనకం భుజం పట్టి కూర్చోబెట్టింది.  గోడ మీది గడియారం ముల్లు తిరుగుతోంది, పిల్ల కదలడం లేదు. ఎత్తడానికి ఎవరూ రారని ఆ ఒంటికి తెలియడానికే అంతసేపు పట్టిందేమో.

చివరికి ఒక మోచెయ్యి కదిలింది. నేలను వెతికింది, జారింది, మళ్లీ వెతికింది. ఊర్మి నుదుటిని దుప్పటికి ఆనించి, మోకాళ్లు ఒక్కొక్కటే పొట్ట కిందికి లాక్కుని, నడుము పైకెత్తింది. ఒక పక్కకు ఒరిగి, నాలిక పంటి సందులోంచి బయటపెట్టి, గాయపడిన చెయ్యి వాడకుండా ఎడమచేత్తో బొంతను గుప్పిట్లో పట్టుకుని, రొప్పుతూ, అడ్డదిడ్డంగా లేచింది. ఎలుగుబంటి అలా లేవదు. ఏ బొమ్మా అలా లేవదు.

వరహాలు చెవులు అలవాటుకొద్దీ స్వరం కోసం వెతికాయి. కుక్క ఒళ్లు దులుపుకున్నా పాట కట్టే మనిషికి ఆ కదలికకు ఏ స్వరమూ తోచలేదు. కూతురి ఒంట్లో తను పెట్టనిది ఒకటి ఇన్నాళ్లకి చూశాడు. భయమేసింది, ఆ భయం వెనకే ఒళ్లంతా సంతోషం కమ్ముకుంది. కళ్లు తుడుచుకుందామంటే చేతులు తొడల కింద ఉన్నాయి.

"ఏడవకు. నాకు నవ్వొస్తుంది" అంది ఊర్మి ఆయాసపడుతూ. రెండడుగులు వేసింది. కిందికి చూసింది, పడింది. మళ్లీ మోచెయ్యి వెతకడం మొదలుపెట్టింది. ఈసారి తక్కువసేపు పట్టింది.

అలా ఎన్నిసార్లో. వంటింట్లో అన్నం చల్లారిపోయింది. పడిన ప్రతిసారీ వరహాలు ఒళ్లు ముందుకు తూగేది, నోట్లోంచి సన్నగా ఒక కూనిరాగం జారేది, పళ్లు బిగించి ఆపుకునేవాడు. ఊర్మి అది కనిపెట్టింది. ఆ రాగం వినిపించినప్పుడల్లా ఆమె పొట్ట ముందుకు వచ్చి, అడుగు ఎలుగుబంటి అడుగైపోతోంది. హాలు మధ్యలో నిలబడి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నువ్వు కాసేపు బయటికెళ్లి రా."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికైనా. నీకు బజారు పనులేమీ లేవా?"

వరహాలు కనకం వైపు చూశాడు. కనకం చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టింది. అతను వాటిల్లో కాళ్లు దూర్చి బయటికి నడిచాడు. వెనక తలుపు మూసుకుంది.

మేడ మెట్లు సగం దిగేసరికి లోపల ధబ్బుమని చప్పుడైంది. వరహాలు ఉన్నచోటే ఆగిపోయాడు. చెయ్యి కమ్మీని పట్టేసుకుంది. చెవి తలుపు వైపే ఉంది. ఏమీ వినపడలేదు. కనకం గొంతు లేదు, పిల్ల ఏడుపు లేదు. ఎదురింటివాళ్ల కుక్కరు కూత పెట్టి ఆగింది. ఆ తర్వాత కూడా లోపల ఏమీ లేదు.

పడటానికి చప్పుడుంటుంది. లేవడానికి ఉండదు. ఊర్మి లేచిందో, ఇంకా దుప్పటిలో మొహం పెట్టుకుని ఉందో ఇక్కడ నిలబడినవాడికి తెలిసే దారి లేదు. వరహాలు కమ్మీ వదిలి కింది మెట్టు మీద కాలు పెట్టాడు.